పాత యుద్ధాల రైఫిళ్ళకు కొత్త కాపీలు: ఇంత ధర దేనికి?

శ్రీకర్_ఎం

నమస్కారం అండీ. అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి అంతర్యుద్ధం (1861-65) మీద ఆసక్తి పెరిగి, ఆ యుద్ధాన్ని యూనిఫాంలు వేసుకుని మళ్ళీ ప్రదర్శించే ఒక బృందంలో చేరబోతున్నాను. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. 1861 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ గానీ, ఇంగ్లండ్ వాళ్ళ 1853 ప్యాటర్న్ ఎన్‌ఫీల్డ్ గానీ తెచ్చుకోవాలి. అసలువి కొనే స్థోమత లేదు, ఉన్నా వర్షంలో బురదలో తిప్పడానికి మనసొప్పదు. సరే కొత్త కాపీ కొందామని చూస్తే ఇటలీ సరుకు వెయ్యి డాలర్లు దాటేసింది!

నూట అరవై ఏళ్ళ నాటి డిజైన్. పేటెంట్ లేదు, కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. ఒక గొట్టం, ఒక కర్ర, పక్కన ఒక లాక్ (పేల్చే యంత్రాంగం). దీనికి అంత ధర ఎందుకు?

ఇంకో ప్రశ్న కూడా. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా పొట్టి రైఫిల్ ఎం1 కార్బైన్ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. దాన్ని ఇప్పుడు కొత్తగా తయారు చేస్తున్నారట. పాతది వెతుక్కోవాలా, కొత్తది తీసుకోవాలా?

తుప్పు మాస్టారు

స్వాగతం శ్రీకర్ గారూ. మొదటి ప్రశ్నకి నాకు తెలిసింది రాస్తాను, రెండోదానికి ఇక్కడ వేరే నిపుణులున్నారు.

"గొట్టం, కర్ర, లాక్" అని తేలిగ్గా అనేశారు గానీ, 1861 స్ప్రింగ్‌ఫీల్డ్ ఆ రోజుల్లో ఆధునిక పరిశ్రమకు పరాకాష్ట. ప్రభుత్వ కర్మాగారమూ, కాంట్రాక్టర్లూ కలిసి లక్షల సంఖ్యలో చేశారు. ఒక్కో భాగానికి ఒక్కో ప్రత్యేక యంత్రం, ఒక్కో కొలత చూడటానికి ఒక్కో గేజి. ఆ యంత్రాల ఖర్చు లక్షల తుపాకుల మీద పంచుకుంటే తుపాకీకి పడేది తక్కువ. ఈనాటి తయారీదారుకి అంత సంఖ్య ఎక్కడిది? తక్కువ సంఖ్యలో చేస్తాడు, మళ్ళీ ఆ యంత్రాలనే వేరే మోడల్‌కి మారుస్తాడు.

ఇక ఈ బజారు పుట్టిన కథ. 1961లో అంతర్యుద్ధపు శతజయంతి రాబోతోందని న్యూజెర్సీలో నేవీ ఆర్మ్స్ అనే కంపెనీ పెట్టిన వాల్ ఫోర్జెట్ ముందే పసిగట్టాడు. అసలు తుపాకులు కాల్చేవాళ్ళు అప్పటికే ఉన్నారు, నార్త్-సౌత్ స్కిర్మిష్ అసోసియేషన్ 1950 నుంచే ఉంది. కాపీలు చేసే వాళ్ళ కోసం వెతుక్కుంటూ ఆయన చేరింది ఇటలీలోని గార్దోనే వాల్ ట్రోంపియా. బెరెట్టా కుటుంబం 1526 నాటికే గొట్టాలు అమ్మిన లోయ అది. అక్కడ ఇంటింటికీ గొట్టం, లాక్, కర్ర (స్టాక్) పనివాళ్ళు ఉన్నారు. కాపీలు చేసే కంపెనీల్లో పెదెర్సోలి 1957లో, ఉబెర్తి 1959లో మొదలైంది ఆ ప్రాంతంలోనే. అర్మి స్పోర్ట్ పేరుతో అమ్మే కియాప్పా వాళ్ళూ అదే జిల్లా, 1958.

అంటే అమెరికా యుద్ధానికి ఇటలీ తుపాకీ. ఇప్పటికీ అంతే.

విజయ్.ఆర్

మాస్టారూ, మీరు చెప్పింది తయారీ ఖర్చు గురించి. ధర దాన్ని బట్టి నిర్ణయం అవ్వదు. అసలుది ఎంతకి పోతోందో చూసి, దానికి కాస్త కింద కాపీ ధర పెడతారు. అసలుది పెరిగినప్పుడల్లా కాపీ కూడా పెరుగుతుంది. ఇనుము ధర, కూలి ధర తర్వాత సంగతి.

శ్రీకర్ గారికి నా సలహా: ఇంకొంచెం ఆగి, ఇంకొంచెం డబ్బు పోగేసి, కాస్త అరిగిపోయిన అసలుదే కొనండి. పదేళ్ళ తర్వాత అమ్మినా మీ డబ్బు మీకొస్తుంది. కాపీ కొన్నారంటే రేపు సగం ధరకి కూడా కష్టం.

లాక్‌ప్లేట్

విజయ్ అన్నా, ప్రదర్శనకి తీసుకెళ్ళే వాళ్ళకి ఆ సలహా ఇవ్వకండి. వారాంతం అంతా ఖాళీ తూటాలు కాలిస్తే లోపల పేరుకునే మసి అంతా ఇంతా కాదు. ఆ రాత్రే వేడినీళ్ళతో కడగకపోతే తెల్లారేసరికి తుప్పు. అసలు దాన్ని అలా వాడటం అన్యాయం.

శ్రీకర్ గారూ, కొనే ముందు కాపీకీ అసలుకీ తేడా ఎక్కడ కనిపిస్తుందో తెలుసుకోండి. మీ బృందంలో పాతకాపులు చేతిలోకి తీసుకోగానే మొదట చూసేది అదే.

ముందుగా కర్ర. అసలు స్ప్రింగ్‌ఫీల్డ్ చెయ్యి పట్టుకునే చోట సన్నగా, లాక్ చుట్టూ అంచులు పదునుగా ఉంటుంది. ఇటలీ కాపీల్లో అక్కడ కర్ర లావు. తీయడం తక్కువైతే పని త్వరగా అవుతుంది కదా. పైన వేసే మెరుపు పూత ఎర్రగా, ప్లాస్టిక్ పొరలా ఉంటుంది. అసలుదానికి నూనె మాత్రమే.

తర్వాత రాతలు. గొట్టం మీద కంపెనీ పేరు, క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం), "బ్లాక్ పౌడర్ మాత్రమే" అని హెచ్చరిక, సీరియల్ నంబరు, ఇటలీ పరీక్ష ముద్రలు. 1862 సంవత్సరపు సైనికుడి చేతిలో ఇవన్నీ పది అడుగుల దూరం నుంచి కనిపిస్తుంటే ఎలా ఉంటుంది? అందుకే కొందరు గన్‌స్మిత్‌లు (తుపాకుల పనివాళ్ళు) ఇదే పనిగా పెట్టుకున్నారు: పైరాతలు చెరిపి, కావలసినవి గొట్టం కింద కర్రలో దాగే వైపుకి మార్చి, కర్ర సన్నం చేసి, పూత గీకి నూనె పట్టించి, లాక్ మీద సరైన ముద్ర కొట్టి ఇస్తారు. దానికయ్యే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

శ్రీకర్_ఎం

ఎన్‌ఫీల్డ్ అయితే ఈ గొడవ తక్కువా?

లాక్‌ప్లేట్

వేరే గొడవ. యుద్ధకాలంలో ఉత్తర, దక్షిణ సైన్యాలు రెండూ కలిసి లక్షల ఎన్‌ఫీల్డ్‌లు ఇంగ్లండ్ నుంచి దిగుమతి చేసుకున్నాయి. అవి ఎక్కువగా బర్మింగ్‌హాం, లండన్ కాంట్రాక్టర్లు చేసినవి. గొట్టాన్ని కర్రకి పట్టి ఉంచే మూడు బ్యాండ్లకీ కింద మర బయటికి కనిపిస్తుంది. ఇప్పటి కాపీలు ఎక్కువగా ఆ తర్వాతి నమూనా, నాలుగోది, బ్యాడ్లీ బ్యాండ్ ఉన్నది. ఆ బ్యాండ్‌లో మర తల లోపలికి దాగి నున్నగా ఉంటుంది. చూడటానికి ఇదే బాగుంటుంది, కానీ గెటిస్‌బర్గ్‌లో నిలబడ్డ వాడి చేతిలో ఉండాల్సింది కాదు.

మీ బృందం అంత పట్టింపుగా ఉంటుందో లేదో అడిగి తెలుసుకోండి. చాలా బృందాలు పట్టించుకోవు.

హరిణి

నేను ప్రదర్శనలు చెయ్యను, గురి పోటీలకి కాలుస్తాను. కాబట్టి నా గోల వేరు. పైన ఎవరూ గొట్టం లోపలి మాట ఎత్తలేదే!

అసలు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలింగ్, అంటే గొట్టం లోపల మెలికగా తీసిన గాడులు (గాళ్ళు), మూడు. 72 అంగుళాలకి ఒక చుట్టు. ముఖ్యమైన విషయం, ఆ గాళ్ళ లోతు అంతటా ఒకటి కాదు. అడుగున 0.015 అంగుళం, మూతి దగ్గర 0.005. అడుగు బోలుగా ఉండే మినియే గుండు పేలుడుకి విచ్చుకుని లోతైన గాళ్ళలో దిగుతుంది. బయటికొచ్చే కొద్దీ గాళ్ళ లోతు తగ్గుతూ గుండుని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. కాపీల్లో చాలావరకు ఒకే లోతుతో తీసేస్తారు, అది చవక కాబట్టి. గురి పెద్దగా పోదు, కానీ ప్రతి గొట్టానికీ వ్యాసం వేరు. .58 అని రాసి ఉన్నది కొలిస్తే ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. గుండు దానికి తగ్గట్టు సైజు చేసుకోవాలి. కొన్నవాళ్ళు సగం మంది ఈ పని చెయ్యకుండా "ఇటలీ గొట్టం కాలదు" అని తిడతారు.

కాల్చడానికే అయితే పాత పార్కర్-హేల్ కంపెనీ ఎన్‌ఫీల్డ్ వెతకండి. పేరుకి కాపీనే.

తుప్పు మాస్టారు

హరిణి గారు మంచి పేరు ఎత్తారు. విజయ్ గారికి జవాబు కూడా అందులోనే ఉంది.

బర్మింగ్‌హాంలోని పార్కర్-హేల్ 1970లలో ఎన్‌ఫీల్డ్ కాపీలు మొదలుపెట్టినప్పుడు కొలతలు ఏదో ఒక పాత తుపాకీ విప్పి తీసుకోలేదు. బ్రిటిష్ ప్రభుత్వం భద్రపరిచిన అసలు గేజులతో సరిచూసుకున్నారు. పొట్టి రకాలు రెండూ, 1858 నౌకాదళం రైఫిల్, 1861 మస్కెటూన్, అయిదు గాళ్ళవి. లోతు క్రమంగా తగ్గే రైఫిలింగ్ వాటిలో ఉంది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో వాటికి కొత్త ఇటలీ తుపాకీ కన్నా ఎక్కువ అడుగుతున్నారు. కాపీ కూడా సేకరించే వస్తువు అయిపోయింది! "కాపీకి సగం ధర కూడా రాదు" అన్నది ఏ కాపీ అన్నదాన్ని బట్టి.

విజయ్.ఆర్

ఒప్పుకుంటాను, పార్కర్-హేల్ మినహాయింపు. ఒక పేరుతో మొత్తం బజారుని సమర్థించలేరు కదా మాస్టారూ.

కంచుగంట

ఇంతకీ మన దేశం సరుకు సంగతి ఎవరూ చెప్పడం లేదు. పాత బ్రిటిష్ బ్రౌన్ బెస్ లాంటి చెకుముకి మస్కెట్లు భారతదేశంలో తయారై అమెరికా, కెనడా వెళ్తాయి. ఇటలీ ధరలో సగం, కొన్ని అంతకన్నా తక్కువ. పైగా ఇటలీ వాళ్ళు చెయ్యని రకాలు చేస్తారు. డచ్, ఫ్రెంచ్, సముద్రపు దొంగల పొట్టి తుపాకీ, ఏది అడిగితే అది.

ఒక మెలిక ఉంది. నిప్పు లోపలికి వెళ్ళే చిన్న రంధ్రం పొడవకుండా పంపుతారు. రంధ్రం లేదు కాబట్టి అది తుపాకీ కాదు, అలంకార వస్తువు. ఆ లెక్కన సరిహద్దు దాటుతుంది. కొన్నవాడు అక్కడ గన్‌స్మిత్ చేత చేయించుకుంటాడు, లేదా అమ్మే వాడే చేయించి ఇస్తాడు.

హరిణి

అక్కడే నాకు అభ్యంతరం. ఇటలీ నుంచి వచ్చే ప్రతి గొట్టాన్నీ గార్దోనేలోని జాతీయ పరీక్షా కేంద్రం మామూలు కన్నా ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర వేస్తుంది. నక్షత్రం, కిరీటం, కింద "పీఎన్" అని ఉంటే బ్లాక్ పౌడర్‌కి పరీక్ష పాసైనట్టు. రంధ్రమే లేని గొట్టాన్ని ఎవరు పరీక్షిస్తారు? అమ్మే వాళ్ళలో కొందరు రంధ్రం పొడిచాక తామే పేల్చి చూస్తామంటారు, కొందరు చూడరు.

కంచుగంట

న్యాయమైన మాటే. నా దగ్గరున్నది ఖాళీ తూటాలకే వాడతాను, గుండు పెట్టను. నిప్పురవ్వలు బాగానే రాలతాయి, ఫ్రిజెన్ (చెకుముకి రాయి తగిలే ఉక్కు ముక్క) మాత్రం గట్టిపరచాల్సి వచ్చింది. కర్ర మన టేకు. బరువు ఎక్కువ, అసలు వాల్‌నట్ రూపు రాదు. ధరకి తగ్గ వస్తువు. అంతకు మించి నేను సమర్థించను.

మోడరేటర్

రంధ్రం ఎలా పొడవాలి, ఎంత సైజు అని అడుగుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఆ పని గన్‌స్మిత్‌ది. చర్చ కొనసాగించండి.

గ్యాస్ సిలిండర్

రెండో ప్రశ్నకి వస్తాను. ఎం1 కార్బైన్.

యుద్ధంలో అరవై లక్షల పైన తయారయ్యాయి. ఎవరు చేశారో చూస్తే నవ్వొస్తుంది: జనరల్ మోటార్స్‌కి చెందిన ఇన్‌ల్యాండ్ విభాగం, వించెస్టర్, టైప్‌రైటర్ల అండర్‌వుడ్, కంప్యూటర్లు రాక ముందు నాటి ఐబీఎం, పాటల పెట్టెలు చేసే రాక్-ఓలా. అందరి భాగాలూ ఒకదానికొకటి సరిపోవాలి, సరిపోయాయి కూడా.

యుద్ధం అయ్యాక పౌరుల కోసం చేసిన కాపీలు ఈ బజారులో మొదటి పాఠం. ప్లెయిన్‌ఫీల్డ్, యూనివర్సల్ లాంటి కంపెనీల వాళ్ళు సైన్యం వదిలించుకున్న మిగులు భాగాలతో మొదలుపెట్టారు. భాగాలు అయిపోయాక యూనివర్సల్ డిజైన్ మార్చేసింది. ఒక స్ప్రింగ్ ఉండాల్సిన చోట రెండు. ఆ తర్వాతి యూనివర్సల్‌కి సైన్యపు భాగాలు చాలావరకు పట్టవు. పాడైతే మరో యూనివర్సల్‌ని విప్పాలి. పాత తుపాకుల మేళాలో "యుద్ధం నాటి కార్బైన్" అని ఎవరైనా చవగ్గా ఇస్తుంటే ముందు రిసీవర్ (గొట్టం వెనక యంత్రాంగం ఇమిడే భాగం) వెనక భాగం మీద పేరు చదవండి.

ఇప్పుడు కొత్తవి. కార్ ఆర్మ్స్ (Kahr) అనే తుపాకుల కంపెనీ చేతిలో ఉన్న ఆటో-ఆర్డినెన్స్ చేసేది అన్నిటికన్నా సులువుగా దొరుకుతుంది. ఒహాయోలో ఇన్‌ల్యాండ్ పేరుతోనే ఒక కొత్త కంపెనీ వచ్చింది. పాత జనరల్ మోటార్స్ విభాగానికీ దీనికీ పేరు, ఊరు తప్ప సంబంధం లేదు. ఈ కొత్తవాటిలో రిసీవర్ సాధారణంగా అచ్చు పోసింది. అసలుది సమ్మెట పోటుతో సాగదీసి మలిచింది. అచ్చు పోసిన విగ్రహం, ఉలితో చెక్కిన విగ్రహం చూడటానికి ఒకలాగే ఉంటాయి కదా, అలాంటిది. పనికిరాదని కాదు, సరిగ్గా చేస్తే అచ్చు రిసీవర్ జీవితకాలం వస్తుంది.

శ్రీకర్_ఎం

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. అయితే ఆ యుద్ధం నాటి అమెరికా సైన్యపు రైఫిల్ ఎం1 గరాండ్ కూడా కొత్తది దొరుకుతుందా? స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అని చూశాను.

గ్యాస్ సిలిండర్

ఆ పేరుతో జాగ్రత్త! ఆ రైఫిల్ రూపొందించిన జాన్ గరాండ్ పనిచేసిన ప్రభుత్వ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ మాసచూసెట్స్‌లో. దాన్ని 1968లో మూసేశారు, ఇప్పుడు మ్యూజియం. 1974లో ఇల్లినాయ్‌లో ఒక ప్రైవేటు కంపెనీ ఆ పేరు పెట్టుకుంది. ఎం14ని పౌరులకి వీలుగా మార్చి ఎం1ఎ అని అమ్మేది వీళ్ళే. మధ్యలో కొంతకాలం గరాండ్ కూడా చేశారు, తర్వాత ఆపేశారు. ఆ పేరు చూసి ప్రభుత్వ తుపాకీ అనుకుని కొన్నవాళ్ళు తక్కువేం కాదు.

గరాండ్‌కి ఇన్నాళ్ళూ కాపీ అవసరమే రాలేదు. యాభై లక్షల పైన చేశారు. సీఎంపీ అని, 1996లో అమెరికా కాంగ్రెస్ సైన్యం నుంచి విడదీసి ఏర్పాటు చేసిన సంస్థ, మిగులు రైఫిళ్ళని షూటింగ్ క్లబ్బుల్లో ఉన్న పౌరులకి సరసమైన ధరకి అమ్ముతూ వచ్చింది. ఫిలిప్పీన్స్, టర్కీ నుంచి వెనక్కొచ్చినవి కూడా అలాగే అమ్మారు. అంత సరుకు చవగ్గా దొరుకుతుంటే కాపీ చేసేవాడికి గిట్టుబాటు ఎక్కడ? ఇప్పుడు గోదాము అడుగు కనిపిస్తోంది. అందుకే సీఎంపీయే కొత్తగా చేయించిన రిసీవర్లతో గరాండ్‌లు అమ్మడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఈ బజారు మారిందనడానికి ఇంతకన్నా గట్టి గుర్తు లేదు.

విజయ్.ఆర్

ఇదే నేను మొదట అన్నది. అసలుది అయిపోతే కాపీకి డిమాండ్. మోసిన్-నాగాంట్, ఎస్‌కేఎస్ లాంటి పాత సైనిక రైఫిళ్ళు పెట్టెలకొద్దీ చవగ్గా వచ్చినన్నాళ్ళు వాటి కాపీ గురించి ఎవడూ ఆలోచించలేదు. లీ-ఎన్‌ఫీల్డ్‌కి ఇప్పటికీ సరైన కొత్త కాపీ లేదు చూడండి. ఇషాపూర్‌లో చేసిన 7.62 రకం 2ఎ1 సహా, పాతవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. రిసీవర్ మిల్లింగ్ పని చూస్తే ఏ కంపెనీ అయినా వెనకడుగు వేస్తుంది.

పవన్_ఎస్

నేను ఇక్కడ అందరికన్నా చిన్నవాణ్ణి అనుకుంటా. ఆ ఆసక్తి పుట్టింది వీడియో గేమ్స్ వల్లే, దాచడం ఎందుకు. నా స్నేహితులు అడిగేది ఎన్‌ఫీల్డ్ కాదు, ప్రపంచయుద్ధాల నాటి ఆటోమేటిక్ రైఫిళ్ళు: జర్మనీవి ఎస్‌టీజీ 44, ఎఫ్‌జీ 42, అమెరికాది బీఏఆర్. వీటికి కాపీలు ఉన్నాయి కదా? ఎందుకంత మండిపోతున్నాయి ధరలు?

గ్యాస్ సిలిండర్

ఉన్నాయి పవన్. ఎఫ్‌జీ 42 అసలువి ఏడు వేలకి అటూ ఇటూగా మాత్రమే తయారయ్యాయి. జర్మన్ పారాట్రూపర్ల కోసం చేసినది. దాన్ని టెక్సస్‌లో ఎస్‌ఎంజీ అనే చిన్న వర్క్‌షాప్ సెమీ ఆటోమేటిక్‌గా (ట్రిగ్గర్ లాగినప్పుడల్లా ఒక్క తూటానే కాల్చేలా) చేస్తుంది. ఐదు వేల డాలర్ల పైమాటే. బీఏఆర్‌ని ఒహాయో ఆర్డినెన్స్ వర్క్స్ 1918ఎ3 పేరుతో చేస్తుంది.

ధర ఎందుకంటే, ఇవి కాపీలే అయినా లోపలి పని కొత్తది. 1986 చట్టం ప్రకారం ఆ ఏడాది మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్ పౌరులకి అమ్మడానికి లేదు. అసలు బీఏఆర్ బోల్టుని (గొట్టం వెనక వైపుని మూసే భాగం) వెనక్కి లాగి ఉంచిన స్థితి నుంచి కాలుస్తుంది. ఆ పద్ధతిలో సెమీ ఆటో చేసినా మెషిన్ గన్‌గా మార్చడం సులువని ప్రభుత్వం 1982 నుంచి కొత్తవాటిని ఒప్పుకోవడం లేదు. అంటే బయటికి 1918 నాటి రూపం ఉండాలి, లోపల ట్రిగ్గర్ యంత్రాంగం మొత్తం మూసిన బోల్టు నుంచి కాల్చేలా తిరగరాయాలి. ఇంజనీరింగ్ ఖర్చంతా అక్కడే.

ఇంకోటి. విదేశాల నుంచి వచ్చే విప్పిన భాగాల కిట్లలో 2005 దాకా గొట్టం కూడా వచ్చేది. ఆ ఏడాది నుంచి గొట్టాల దిగుమతి ఆపేశారు. కొత్త గొట్టం అమెరికాలో చేయించుకోవాల్సిందే. కిట్టుతో కట్టిన తుపాకుల ధర అప్పటి నుంచి ఎక్కడికో పోయింది.

తుప్పు మాస్టారు

ఎస్‌టీజీ 44 గురించి ఒక మాట. అది రేకు నొక్కి చేసిన తుపాకీ. యుద్ధంలో జర్మనీకి చవకైన పద్ధతి, ఇప్పుడు చిన్న కంపెనీకి అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి. ఆ ఆకారానికి రేకు నొక్కే అచ్చులు చేయించడానికే ఆస్తులు కరిగిపోతాయి, అమ్ముడుపోయేది ఎన్నో తెలీదు. జర్మనీలో ఎస్‌ఎస్‌డీ వాళ్ళు బీడీ 44 పేరుతో చేశారు, మామూలువాళ్ళకి అందే ధర కాదు. అమెరికాలో ఒక ప్రకటన వచ్చాక జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. పవన్ స్నేహితులకి రూపం చాలనుకుంటే జర్మన్ స్పోర్ట్ గన్స్ చేసే .22 రకం ఉంది. గురి సరదాకి హాయిగా ఉంటుంది. నేను మాత్రం అంత పెద్ద శరీరంలో అంత చిన్న తూటా పెట్టడం జీర్ణించుకోలేను.

పవన్_ఎస్

అర్థమైంది మాస్టారూ 😄 వియత్నాం కాలం ఎం16ఎ1 కాపీ అయితే? బ్రౌనెల్స్ వాళ్ళవి చూశాను.

గ్యాస్ సిలిండర్

ఈ బజారులో వినియోగదారుడికి న్యాయం జరిగిన మూల అదొక్కటే అంటాను. ఎం16కి పౌర రూపమైన ఏఆర్-15 భాగాలు దేశమంతా తయారవుతున్నాయి, పాత ఆకారం రిసీవర్ ఒక్కటి ఉంటే మిగతాది దొరుకుతుంది. బ్రౌనెల్స్ 2018లో పాత నమూనాల వరుస తెచ్చింది. హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ పేరు 2020లో రెమింగ్టన్ దివాలా వేలంలో చేతులు మారి, ఇప్పుడు పాల్మెట్టో స్టేట్ ఆర్మరీ గూటిలో మళ్ళీ ఎం16ఎ1 రకాలు చేస్తోంది. ఆ పేరున్న కంపెనీ వియత్నాం కాలంలో నిజంగానే సైన్యానికి ఎం16ఎ1లు చేసింది. పేరు అదే, మనుషులు వేరు.

అదే కంపెనీ 1970లలో 1873 ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ కాపీలు కూడా చేసింది. అవిప్పుడు సేకరణదారుల దగ్గర ఉన్నాయి.

లాక్‌ప్లేట్

చట్టం మాట వచ్చింది కాబట్టి శ్రీకర్ గారికి ఉపయోగపడేది ఒకటి. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 1898 దాకా తయారైనది పురాతన వస్తువు. మూతి నుంచి మందు, గుండు నింపే కాపీలు కూడా అదే కోవలోకి వస్తాయి. మీ స్ప్రింగ్‌ఫీల్డ్ కాపీకి ఫెడరల్ ఫారాలు ఉండవు, రాష్ట్ర నిబంధన మాత్రం వేరేగా ఉండొచ్చు, అది చూసుకోండి.

తమాషా ఎక్కడంటే 1860 హెన్రీ రైఫిల్ దగ్గర. అసలు హెన్రీ లక్షల రూపాయల వస్తువైనా చట్టం దృష్టిలో తుపాకీ కాదు. ఉబెర్తి చేసే దాని కాపీ .44-40, .45 కోల్ట్ తూటాలు వాడుతుంది కాబట్టి పూర్తిస్థాయి తుపాకీ, ఫారాలన్నీ నింపాలి. పైగా అసలు .44 రిమ్‌ఫైర్ తూటా ఇప్పుడు దొరకదు. .44-40 పొడవు ఎక్కువ, దానికోసం ఫ్రేం కూడా పొడిగించారు. పక్కపక్కన పెడితే కంటికే తెలుస్తుంది.

పాత తుపాకుల సేకరణ లైసెన్సు ఉన్నవాళ్ళూ గమనించండి. యాభై ఏళ్ళు దాటినవాటికి ఆ లైసెన్సు పనికొస్తుంది, కాపీలకి కాదు.

విజయ్.ఆర్

కాపీల మీద నా అసలు కోపం మీరెవరూ ఎత్తలేదు. మీరు చెప్పిన పనే, పైరాతలు చెరపడం, కర్ర సన్నం చెయ్యడం, సరైన ముద్ర కొట్టడం. అదే తుపాకీ పదేళ్ళు వాడి, తుప్పు పట్టించి, రెండు చేతులు మారాక ఏమవుతుంది? "తాతల నాటిది" అవుతుంది. దక్షిణాది సైన్యపు ముద్రలున్న తుపాకీ అసలుదైతే ధర రెట్టింపు అవుతుంది, అందుకే ఆ ముద్రలు కొట్టే దొంగలు ఎప్పుడూ ఉన్నారు. మీరు సరదాకి చేసింది వాడికి ముడిసరుకు.

లాక్‌ప్లేట్

నిజమే అన్నా. అందుకే మంచి పనివాళ్ళు సీరియల్ నంబరు, పరీక్ష ముద్రలు చెరపరు, గొట్టం కింద ఉంచుతారు. గొట్టం కర్రలోంచి తీసి చూడకుండా ఎవరూ డబ్బివ్వకూడదు. తీయనివ్వని వాడి దగ్గర కొనకూడదు. అంతకు మించి కాపలా ఎవరు కాస్తారు?

తుప్పు మాస్టారు

పాత తుపాకుల్లో మోసం కాపీలతో పుట్టలేదు విజయ్ గారూ, కాపీలు రాక ముందు అసలు భాగాలు అతికించి చేసేవాళ్ళు. పైగా ఇటలీ స్క్రూల మర వరుసల కొలత (పిచ్) మెట్రిక్. ఒక స్క్రూ విప్పి పాత లాక్‌లో పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

శ్రీకర్_ఎం

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ చూసి సెకండ్ హ్యాండ్ వెతికాను. ఒకాయన పార్కర్-హేల్ మూడు బ్యాండ్ల ఎన్‌ఫీల్డ్ అమ్ముతున్నారు. "ఒరిజినల్ బర్మింగ్‌హాం తయారీ, 1970ల నాటిది" అని ధర గట్టిగానే చెప్పారు. లాక్ మీద కిరీటం ఉంది, గొట్టం మీద పార్కర్-హేల్ అని ఉంది. గొట్టం కింద ఫోటో అడిగితే పంపారు. నక్షత్రం, కిరీటం, "పీఎన్", పక్కన చిన్న చతురస్రంలో "బీడీ" అనే రెండు అక్షరాలు ఉన్నాయి. ఇవి ఏంటి?

హరిణి

శ్రీకర్ గారూ, నక్షత్రం గార్దోనే ముద్ర. బర్మింగ్‌హాం పరీక్ష పాసైనది అయితే ఇంగ్లిష్ కిరీటం, కింద ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలి. ఇటలీ నక్షత్రం ఉండదు. చతురస్రంలో ఉండేది సంవత్సరం. ఇటలీ వాళ్ళు 1975కి ఏఏ అని మొదలుపెట్టి వరుసగా వేస్తూ వచ్చారు, మధ్యలో కొన్ని అక్షరాలు వదిలేస్తారు. బీడీ అంటే 1994.

తుప్పు మాస్టారు

పార్కర్-హేల్ పేరుతో ఇటలీలో చేసినవి తర్వాతి కాలంలో వచ్చాయి. చెడ్డ తుపాకీ కాదు, చాలామంది పోటీల్లో వాడుతున్నారు. 1970ల బర్మింగ్‌హాం ధర మాత్రం దానికి పెట్టకండి. అమ్మే ఆయన అబద్ధం చెప్తున్నాడని కూడా అనుకోనక్కర్లేదు, ఆయన కొన్నప్పుడు ఆయనకీ అలాగే చెప్పి ఉంటారు.

లాక్‌ప్లేట్

బ్యాండ్ల ఫోటో కూడా అడగండి. నిప్పిల్ (పేలే టోపీ పెట్టే చిన్న మొన) చుట్టూ మసి తిన్న గుంటలు, మూతి దగ్గర రాడ్ రాపిడి, లాక్ లోపలి స్ప్రింగ్. సగం బిగించిన స్థితిలో ట్రిగ్గర్ లాగితే సుత్తి పడకూడదు. పడితే ఆ ధరలో సగానికి కూడా వద్దు.

శ్రీకర్_ఎం

అడిగాను. సగం బిగింపు నిలబడుతోందట, వీడియో పంపారు. నిప్పిల్ కింద కొంచెం గుంటలున్నాయి. బీడీ సంగతి చెప్తే ఆయనే ఆశ్చర్యపోయి ధర తగ్గించడానికి ఒప్పుకున్నారు. శనివారం వెళ్ళి చేతిలో పట్టుకుని చూసి నిర్ణయిస్తాను. .577కి మినియే గుండు అచ్చు ఎక్కడ మంచిది దొరుకుతుందో, హరిణి గారూ, మీరు చెప్పాలి.

హరిణి

ముందు కొనండి, గొట్టం లోపలి వ్యాసం కొలవండి. కొలత చెప్పండి, అచ్చు సంగతి అప్పుడు మాట్లాడదాం.